దివ్యాంగుల సేవాసంస్థల నమోదు: పంచాయతీల కర్తవ్యము

(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ శిబిరమున చేసిన ప్రసంగ పాఠము)



దివ్యాంగుల కొరకు ఒక పాఠశాలనో, వసతిగృహమునో, శిక్షణ కేంద్రమునో స్థాపింపదలచినవారు మొట్టమొదట వచ్చునది మీ యొద్దకే. స్థలము కావలెనన్నను, ఖాళీగా పడియున్న పాత బడి భవనమును వాడుకొనుటకు అనుమతి కావలెనన్నను, నీటి కుళాయి, వీధిదీపము కావలెనన్నను పంచాయతీ గడప త్రొక్కక తప్పదు. వారు మంచి మనస్సుతో వచ్చెదరు. మీరును మంచి మనస్సుతోనే ఆదరించెదరు. అయితే ఇట్టి పనికి మంచి మనస్సు ఒక్కటియే చాలదు. చట్టప్రకారము నమోదు కావలెను. ఆ నమోదు ఎందుకు కావలెనో, ఎట్లు జరుగునో, అందు పంచాయతీ వంతు ఏమో మనవి చేయుటయే మా నేటి ప్రసంగోద్దేశము.

ఇది మన పనియేనా?

"ఇది సంక్షేమశాఖవారు చూచుకొనవలసిన పని, రోడ్లు, మురుగుకాలువలు చూచుకొను మాకు దీనితో నిమిత్తమేమి?" అని కొందరు సభ్యులు తలపవచ్చును. 1992వ సంవత్సరపు 73వ రాజ్యాంగ సవరణచే రాజ్యాంగమునకు పదునొకండవ షెడ్యూలు చేర్చబడినది. అందు పంచాయతీలకు అప్పగింపదగిన 29 అంశములు కలవు. 26వ అంశము సాంఘిక సంక్షేమము. అంగవైకల్యము గలవారి సంక్షేమము, బుద్ధిమాంద్యము గలవారి సంక్షేమము దానిలో చేరియున్నవని ఆ షెడ్యూలులోనే స్పష్టముగా వ్రాయబడినది. కావున ఇది ఒరుల పని కాదు, మన పనియే.

2011వ సంవత్సరపు జనాభా లెక్కల ప్రకారము దేశమందు 2 కోట్ల 68 లక్షలమంది దివ్యాంగులు కలరు. వారిలో నూటికి 69 మంది గ్రామవాసులు. నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశములో వారి సంఖ్య సుమారు 22 లక్షల 66 వేలు. ఆ లెక్కలలో ఎనిమిది విధములైన వైకల్యములను మాత్రమే అడిగిరి. 2016వ సంవత్సరపు చట్టము 21 విధములను గుర్తించినది. కావున నాడు లెక్కకెక్కనివారు ప్రతి గ్రామమందును కొందరు ఉందురనుట సాహసము కాదు. సేవాసంస్థలు పట్టణములందు ఎక్కువ. సేవ కావలసినవారు పల్లెలందు ఎక్కువ. ఈ అంతరమువలననే ఎవరైనను వచ్చి "మీ పిల్లలను మేము చూచెదము" అన్నప్పుడు తల్లిదండ్రులు మరొక మాట అడుగక బిడ్డను అప్పగించుచున్నారు.

అడుగువారు లేనిచోట ఏమి జరుగును?

ఇందుకు ఒక ఘోరమైన నిదర్శనము దేశమంతటికిని తెలిసియే యున్నది. తమిళనాడులోని రామనాథపురము జిల్లాలో ఎర్వాడి అను గ్రామము కలదు. అచ్చటి దర్గాకు తీసికొనిపోయిన మానసిక రోగము నయమగునను విశ్వాసముతో దూరప్రాంతములనుండి సైతము కుటుంబములవారు తమ వారిని తెచ్చి, చుట్టుప్రక్కల వెలసిన ప్రైవేటు గృహములలో విడిచిపోవుచుండిరి. 2001వ సంవత్సరము ఆగస్టు 6వ తేదీ తెల్లవారుజామున అట్టి ఒక గృహపు పాకకు నిప్పంటుకొనెను. లోపలివారు గొలుసులతో బంధింపబడియుండిరి. పారిపోవుటకు వీలులేక 28 మంది ప్రాణములు కోల్పోయిరి. సుప్రీంకోర్టువారు తమంత తాముగా ఈ విషయమును విచారణకు స్వీకరించిరి. అటువంటి గృహములు మూయింపబడి, అందలివారు ప్రభుత్వ సంరక్షణలోనికి తీసికొనిపోబడిరి.

ఇల్లు కాలిన తరువాత బావి త్రవ్విన ఫలమేమి? ఆ గృహములు రహస్యముగా నడిచినవి కావు. ఊరివారందరి కన్నుల యెదుటనే నడిచినవి. ఎందరిని ఉంచుచున్నారు, ఎట్లు ఉంచుచున్నారు, రాత్రివేళ కాపలా ఎవరు, నిప్పంటుకొన్నచో త్రోవ ఏది అను ప్రశ్నలకు సమాధానము చెప్పవలసిన బాధ్యతను వాటిమీద ఎవరును పెట్టలేదు. నమోదు అనగా ఆ ప్రశ్నలను ముందుగానే అడుగుట. అంతకంటె మరేమియు కాదు.

చట్టము ఏమనుచున్నది?

దివ్యాంగుల హక్కుల చట్టము 2016వ సంవత్సరమున ఆమోదింపబడి, 2017 ఏప్రిల్ 19వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. దానికి పూర్వమున్న 1995వ సంవత్సరపు చట్టమందును సంస్థల గుర్తింపునకు ఒక అధ్యాయముండెను. కావున ఇది నిన్న మొన్న పుట్టిన నిబంధన కాదు.

క్రొత్త చట్టపు 49వ సెక్షను ప్రకారము రాష్ట్రప్రభుత్వము ఒక సమర్థాధికారిని నియమింపవలెను. 50వ సెక్షను ప్రకారము ఆ అధికారి ఇచ్చిన నమోదుపత్రము లేక ఎవరును దివ్యాంగుల సంస్థను స్థాపింపగూడదు, నడుపగూడదు. ఇచ్చట "సంస్థ" అను మాటకు అర్థము విశాలమైనది. దివ్యాంగులను చేర్చుకొనుట, పోషించుట, రక్షించుట, చదువు చెప్పుట, పని నేర్పుట, పునరావాసము కల్పించుట, వీనిలో ఏది చేయుచున్నను అది సంస్థయే. రాత్రి వసతి ఉన్ననే నమోదు కావలెననుకొనుట పొరపాటు. ఉదయము తెరచి సాయంకాలము మూయు బడికిని నమోదు కావలెను. ఉచితముగా సేవచేయువారికిని, రుసుము పుచ్చుకొని వృత్తిగా నడుపువారికిని ఈ నిబంధన ఒక్కటియే. కేంద్రప్రభుత్వముగాని, రాష్ట్రప్రభుత్వముగాని స్వయముగా నడుపు సంస్థలకు మాత్రము ఇది వర్తింపదు.

ఈ చట్టమును మొదటిసారి ఉల్లంఘించినవారికి పదివేల రూపాయలవరకు జుల్మానా విధింపవచ్చును. తిరిగి ఉల్లంఘించినచో అది ఏబదివేలకు తగ్గక, అయిదు లక్షలవరకు ఉండవచ్చును.

రెండు పత్రములు వేరు వేరు

ఇచ్చట సభ్యులు తప్పక గుర్తుంచుకొనవలసిన విషయము ఒకటి కలదు. ఎవరైనను మీ యొద్దకు వచ్చి "మాకు ప్రభుత్వపు రిజిస్ట్రేషను కలదు" అని ఒక పత్రము చూపినచో, అది ఏ రిజిస్ట్రేషనో చదివి చూడుడు. తరచుగా అది సంఘముల రిజిస్ట్రేషను పత్రమై యుండును. ఉభయ తెలుగు రాష్ట్రములందును 2001వ సంవత్సరపు సంఘముల రిజిస్ట్రేషను చట్టము క్రింద ఏడుగురు లేక అంతకెక్కువమంది కలిసి ఒక సంఘమును నమోదు చేయించుకొనవచ్చును. ఆ పత్రము "ఇట్టి పేరుగల సంఘము పుట్టినది" అని మాత్రమే చెప్పును. ఆ సంఘము దివ్యాంగులైన పిల్లలను ఇంట నుంచుకొని పోషించుటకు అర్హమైనదని అది చెప్పదు. ట్రస్టు దస్తావేజు సంగతియు, లాభాపేక్షలేని కంపెనీ పత్రపు సంగతియు అంతియే.

బండికి నంబరు ఉన్నంతమాత్రమున దానిని నడుపువానికి లైసెన్సు ఉన్నట్లు కాదు గదా! మొదటి పత్రము బండి నంబరువంటిది. సమర్థాధికారి ఇచ్చునది లైసెన్సువంటిది. మీరు అడుగవలసినది రెండవ దానిని.

నమోదు జరుగు విధము

ఒక గ్రామమున కొందరు తల్లిదండ్రులు, ఒక ఉపాధ్యాయుడు కలిసి, బుద్ధివికాసము మందముగానున్న పిల్లలకొరకు పగటి పాఠశాల పెట్టదలచిరనుకొందము. వారు చేయవలసిన పనులు వరుసగా చెప్పెదము.

మొదటిది, సంఘముగనో ట్రస్టుగనో ఏర్పడి, నియమావళి వ్రాసికొని, సంస్థ పేరిట బ్యాంకు ఖాతా తెరచుట. ప్రభుత్వ సహాయమును కోరదలచినవారికి ఇది మరింత అవసరము. వచ్చిన ప్రతి రూపాయికిని రసీదు, వెచ్చించిన ప్రతి రూపాయికిని ఓచరు మొదటిదినమునుండియే ఉండవలెను. సంవత్సరాంతమున వెదకి కూర్చిన లెక్క లెక్క కాదు.

రెండవది, అర్హులైన సిబ్బందిని చూచుకొనుట. ప్రత్యేక విద్య బోధించువారు, మాటలు నేర్పు చికిత్సకులు మొదలగు పునరావాస వృత్తులవారు 1992వ సంవత్సరపు భారత పునరావాస మండలి చట్టముక్రింద కేంద్రపు జాబితాలో తమ పేరు నమోదు చేయించుకొని యుండవలెను. అట్లు నమోదుకాక ఆ వృత్తి చేసినవారికి ఒక సంవత్సరమువరకు ఖైదుగాని, జుల్మానాగాని, రెండునుగాని విధింపవచ్చును. ఇట్టి ఉపాధ్యాయులకు శిక్షణ నొసగు జాతీయ సంస్థ మనకు దూరమున లేదు. సికింద్రాబాదులోని మనోవికాసనగరమున 1984వ సంవత్సరమున స్థాపింపబడిన ఆ సంస్థ, నేడు మేధోవైకల్యము గలవారి సాధికారత జాతీయ సంస్థ యను పేర నడుచుచున్నది. పదవతరగతియో ఇంటర్మీడియేటో చదివి ఊరిలోనే పని చేయదలచిన యువతులు, యువకులు మీ గ్రామమున నుండిన, వారికి ఈ వృత్తిని గూర్చి తెలుపుడు. తన ఊరి పిల్లలకు తన ఊరివారే గురువులగుటకంటె కావలసినదేమి?

మూడవది, భవనమును సరిచేయుట. చక్రముల కుర్చీ పోవుటకు మెట్ల ప్రక్కన వాలుదారి కావలెను. అరుగు ఒక అడుగు ఎత్తున నుండిన, వాలుదారి పండ్రెండు అడుగుల పొడవునకు తగ్గరాదు; తగ్గినచో కుర్చీ పైకెక్కదు, దిగునప్పుడు జారును. ద్వారము తెరచినప్పుడు 900 మిల్లీమీటర్ల వెడల్పు, అనగా సుమారు మూడు అడుగులు, ఖాళీ ఉండవలెను. మరుగుదొడ్డిలో చేతితో పట్టుకొనుటకు గోడకు కడ్డీలుండవలెను. తాళము వేసినచో లోపలివారు చిక్కుకొనునట్టి గది ఒక్కటియు ఉండరాదు. వీనిలో చాల పనులు మన ఊరి తాపీమేస్త్రీ రెండు మూడు దినములలో చేయగలవే. కష్టమైనది ఖర్చు కాదు; ముందుగా తలచుకొనుట.

నాల్గవది, దరఖాస్తు. రాష్ట్రప్రభుత్వము నిర్ణయించిన నమూనాలో దానిని సమర్థాధికారికి పంపవలెను. జిల్లా కేంద్రమందలి దివ్యాంగుల సంక్షేమ కార్యాలయమువారు వివరములు తెలుపుదురు. నియమావళి, నిర్వాహకుల పేర్లు, భవనముపై హక్కునో అద్దె ఒప్పందమునో తెలుపు కాగితము, సిబ్బంది అర్హతలు, చేరిన పిల్లల వివరములు, జమాఖర్చులు సిద్ధపరచుకొని పోయిన, మరల మరల తిరుగవలసిన పని తప్పును. పిల్లలకు సదరం ధ్రువపత్రము గాని, యూడీఐడీ కార్డు గాని ముందుగనే ఇప్పించియుండుట మేలు.

అయిదవది, విచారణ. దరఖాస్తు అందిన తరువాత అధికారి తగిన విచారణ చేసి, తృప్తి చెందినచో 90 దినములలోపల నమోదుపత్రము నొసగవలెను. తృప్తి చెందనిచో నిరాకరింపవచ్చును. కాని నిరాకరించుటకు ముందు దరఖాస్తుదారు చెప్పుకొనుటకు అవకాశమీయవలెను. నిరాకరించిన ఉత్తరువును వ్రాతపూర్వకముగా తెలుపవలెను. దానిపై అప్పీలు చేసికొను హక్కును చట్టము కల్పించినది. కావున "ఆఫీసులో కాగితము ఎక్కడనో పడియున్నది" అను మాటతో ఊరకుండనక్కరలేదు. దరఖాస్తు ఇచ్చిన తేదీగల రసీదు భద్రపరచి, 90 దినములు లెక్కించి అడుగుడు.

ఆరవది, పత్రము వచ్చిన తరువాతి విధులు. దానిని అందరికిని కనబడు చోట గోడకు తగిలింపవలెను. ఇది చట్టములోనే ఉన్నది. పెట్టెలో తాళము వేసి దాచుకొనువారిని కారణమేమని అడుగుడు. పత్రమున చెప్పిన గడువు ముగియుటకు 60 దినములకు తగ్గకుండ ముందుగా మరల దరఖాస్తు చేసికొనవలెను. గడువు ముగిసిన నమోదు లేని నమోదుతో సమానము.

ఇట్లు నమోదైన సంస్థలకు ప్రభుత్వము తన శక్తిమేరకు ధనసహాయము చేయవచ్చునని 55వ సెక్షను చెప్పుచున్నది. కేంద్రప్రభుత్వపు దీనదయాళ్ దివ్యాంగుల పునరావాస పథకము ఇట్టి సహాయమునకై ఏర్పడినదే. నమోదు లేనివారికి ఈ ద్వారము తెరువబడదు.

ఏ పనికి ఏ చట్టము?

అన్ని గృహములకును ఒకే నమోదు చాలునని తలపరాదు. మానసిక రోగులకు చికిత్స, సంరక్షణ చేయు గృహములు 2017వ సంవత్సరపు మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము క్రింద రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థయొద్ద నమోదు కావలెను. ఆ చట్టము రోగులను గొలుసులతో బంధించుటను నిషేధించినది. తల్లిదండ్రులులేని పిల్లలను, విడువబడిన పిల్లలను ఉంచుకొను గృహములకు 2015వ సంవత్సరపు బాలల న్యాయచట్టము క్రింద నమోదు తప్పనిసరి. ఆ నమోదు లేక నడుపువారికి ఒక సంవత్సరమువరకు ఖైదుగాని, లక్ష రూపాయలకు తగ్గని జుల్మానాగాని, రెండునుగాని కలుగవచ్చును.

ఆటిజము, మస్తిష్క పక్షవాతము, బుద్ధిమాంద్యము, బహుళ వైకల్యములు గలవారికొరకు 1999వ సంవత్సరపు చట్టముచే నేషనల్ ట్రస్టు ఏర్పడినది. తల్లిదండ్రుల సంఘములును, దివ్యాంగుల సంఘములును, స్వచ్ఛంద సంస్థలును అందు నమోదు కావచ్చును. పదునెనిమిది సంవత్సరములు నిండిన తరువాతకూడ తన వ్యవహారములు తాను చూచుకొనలేని బిడ్డకు సంరక్షకుని నియమించు స్థానిక స్థాయి సంఘము ప్రతి జిల్లాకును ఈ చట్టము క్రిందనే ఏర్పడును. "మా తదనంతరము ఈ బిడ్డ గతి ఏమి?" అను తల్లిదండ్రుల రాత్రింబవళ్ల చింతకు సమాధానము వెదకవలసిన చోట ఇది.

కొన్ని సందేహములు

"ఉచితముగా అన్నముపెట్టి చదువు చెప్పువానిని పత్రములడుగుట మర్యాదయా? దానమిచ్చిన ఆవుకు పండ్లు లెక్కింతురా?" అని పెద్దలు కొందరు ప్రశ్నింతురు. దానము మీకిచ్చినచో లెక్కింపకుందురుగాక. ఇచ్చట అప్పగింపబడుచున్నది ఆవు కాదు, మాట పెగలని బిడ్డ. దెబ్బ తగిలిన చోటు చెప్పుకొనలేని బిడ్డ పక్షమున అడుగవలసినవారు మనమే. నిజమైన సేవకుడు ఇట్టి ప్రశ్నలకు కోపగింపడు.

"కాగితముల భారము చూచి, చేయగలవారుకూడ వెనుకంజ వేయుదురేమో" అని మరికొందరి భయము. ఈ మాటలో సత్యము లేకపోలేదు. పల్లెలో అయిదారుగురు తల్లులు కలిసి పెట్టుకొన్న చిన్న కేంద్రమునకు ఆడిటరు లేడు, టైపు చేయువాడు లేడు. అట్టివారికి చట్టమును సడలించుట మన చేతిలో లేదు; చేయూతనిచ్చుట మన చేతిలో కలదు. దరఖాస్తు నింపుటకు పంచాయతీ కార్యదర్శి సాయపడవచ్చును. భవనమునకు సంబంధించిన కాగితమును పంచాయతీ ఆలస్యము లేక ఇప్పింపవచ్చును. వాలుదారి నిర్మాణమునకు ఊరివారు శ్రమదానము చేయవచ్చును. మంచి సంస్థకు నమోదు సులభము చేయుటయు, చెడ్డ సంస్థకు నమోదు లేకుండ నడుచుట కష్టము చేయుటయు, రెండును పంచాయతీ ధర్మములే.

"నమోదు వచ్చువరకు పిల్లలు ఇంట కూర్చుండవలసినదేనా?" అను ప్రశ్న న్యాయమైనది. అక్కరలేదు. ఆరు మొదలు పదునెనిమిది సంవత్సరములవరకు వయస్సుండి, నూటికి నలువది లేక అంతకెక్కువ పాళ్లు వైకల్యము గల బిడ్డకు దగ్గరి బడిలోగాని, తాను కోరిన ప్రత్యేక పాఠశాలలోగాని ఉచితముగా చదువుకొను హక్కు కలదు. మండలములందు భవిత కేంద్రములు కలవు. ప్రత్యేక పాఠశాల వచ్చువరకు ఊరి బడి ద్వారము మూసియుంచుట చట్టసమ్మతము కాదు.

ఇల్లే మొదటి ఆశ్రయము

సంస్థలను గూర్చి ఇంత చెప్పిన మేము, సంస్థయే అన్నిటికిని మందు అని చెప్పుట లేదు. దివ్యాంగులకు తక్కినవారివలెనే సంఘమునందు జీవించు హక్కు కలదనియు, ఫలానాచోటనే ఉండవలెనని వారిని నిర్బంధింపరాదనియు 5వ సెక్షను చెప్పుచున్నది. వైకల్యమున్నదను ఒక్క కారణముచే ఏ బిడ్డనైనను తల్లిదండ్రులనుండి విడదీయరాదని, బిడ్డ మేలుకై న్యాయస్థానము ఆజ్ఞాపించిననే అట్లు చేయదగునని 9వ సెక్షను నిర్దేశించినది. కావున ఎవరైనను ఊరూర తిరిగి "మీ బిడ్డను దూరపు పట్టణములో చేర్చుకొందుము, సంతకము చేయుడు" అని కాగితములు చూపుచున్నచో, పంచాయతీ సభ్యుడు కలుగజేసికొని నమోదుపత్రము చూపుమనవలెను. ఆ పత్రమున చెప్పిన చోటికి తల్లిదండ్రులు స్వయముగా పోయి చూచివచ్చునంతవరకు బిడ్డ కదలరాదు.

తప్పు కనబడినప్పుడు

దరఖాస్తులో ముఖ్యవిషయములందు అబద్ధమాడినను, నియమములను మీరినను విచారణానంతరము నమోదును రద్దుచేయు అధికారము సమర్థాధికారికి కలదు. రద్దయినప్పుడు అందలివారిని తల్లిదండ్రులకో, జీవిత భాగస్వామికో, చట్టబద్ధమైన సంరక్షకునికో అప్పగింపుమనిగాని, మరొక సంస్థకు చేర్పుమనిగాని అధికారి ఆదేశింపవచ్చును. ఈ నిబంధనను బాగుగ గమనింపుడు. సంస్థ మూతపడుటతో పని తీరదు. ఆ పిల్లలు ఆ రాత్రి ఎచ్చట పరుందురు అను ప్రశ్న తీరవలెను. ఆవేశముతో తాళములు పగులగొట్టి అందరిని వీధిలో నిలబెట్టుట న్యాయము కాదు.

దివ్యాంగునిపై దౌర్జన్యము జరిగినదని గాని, జరుగనున్నదని గాని నమ్ముటకు కారణమున్నచో, ఎవరైనను ఆ ప్రాంతపు ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటుకు తెలుపవచ్చును. మన మండలములందు తహసీలుదారు ఆ అధికారము గలవారు. పిల్లలపై లైంగిక దౌర్జన్యము జరిగినదని తెలిసినచో 2012వ సంవత్సరపు చట్టము ప్రకారము పోలీసులకు తెలుపుట ప్రతివాని విధి. తెలిసియు తెలుపకుండుట నేరము. "ఊరి పరువు పోవును" అని కప్పిపుచ్చుటకు ఆ చట్టములో తావు లేదు.

మనము చేయవలసినవి

ఇంతవరకు చెప్పిన దానిని కార్యరూపమున సంగ్రహించెదము.

1. గ్రామమందలి దివ్యాంగుల పట్టికను వయస్సు, వైకల్యము, ధ్రువపత్రము, చదువు, పనితో సహా తయారుచేసి, ఏటేట సరిచూడవలెను. ఇతర స్థలములలోని సంస్థలలో ఉన్నవారి పేర్లును అందు చేర్చవలెను. మన ఊరి బిడ్డ ఎచ్చటనున్నదో మన ఊరికి తెలియవలెను.

2. గ్రామపరిధిలో దివ్యాంగులకై నడుచు ప్రతి సంస్థ నమోదుపత్రమును చూచి, దాని సంఖ్యను, గడువు తేదీని పంచాయతీ పుస్తకమున వ్రాసికొనవలెను. లేనివారికి దరఖాస్తు చేయుమని వ్రాతపూర్వకముగా తెలిపి, జిల్లా కార్యాలయమునకు ఒక ప్రతి పంపవలెను.

3. స్థలముగాని, భవనముగాని, నిరభ్యంతర పత్రముగాని కోరువారి విషయమున, నమోదు పొందవలెనను షరతును తీర్మానములోనే వ్రాయవలెను.

4. ఒక మహిళా సభ్యురాలు, ఒక తల్లియో తండ్రియో, దివ్యాంగులలో ఒకరు కలిసి అప్పుడప్పుడు సంస్థకు పోయి, నిర్వాహకుల అనుమతితో పిల్లలతో మాటలాడి రావలెను. పోలీసులవలె గాక బంధువులవలె పోవలెను. వంటయింట ఏమి ఉడుకుచున్నదో, రాత్రి కాపలా ఎవరో, వాలుదారి మీద కట్టెలు పేర్చియున్నవో లేవో చూచిన, సగము సంగతులు తెలియును.

5. మంచి పని చేయు సంస్థ కష్టములను గ్రామసభయందు వినిపింపవలెను. నీరు, దీపము, దారి మన చేతిలోని పనులు. అవి ఆలస్యము కారాదు.

సోదరులారా, నమోదుపత్రము ఒక్కటే బిడ్డకు అన్నము పెట్టదు, అక్షరము నేర్పదు. ఆ పనులు చేయువారు మనుష్యులు. కాని ఆ మనుష్యులు ఎవరో, వారు ఏమి చేయుచున్నారో అడుగు హక్కును ఆ పత్రము మనకిచ్చుచున్నది. మీ పంచాయతీ తరువాతి సమావేశపు కార్యక్రమములో ఈ విషయమును ఒక అంశముగా చేర్చి, పట్టిక తయారీ ఎవరు చేయవలెనో, ఏ తేదీలోపల ముగింపవలెనో ఆనాడే తీర్మానింపవలసినదిగా కోరుచు సెలవు తీసికొనుచున్నాము.